మూడుసార్లు పిలిచే మనిషి

పోయిన వారం జుట్టుకు రంగు వేయించుకుందామని మా వీధి చివరి బ్యూటీపార్లర్‌కు వెళ్ళాను. ఈ వయసులో నీకెందుకమ్మా ఈ సోకు అని మా అమ్మాయి వెక్కిరిస్తూనే ఉంది, నేను వింటూనే చెప్పులు వేసుకున్నాను. కుర్చీలో కూర్చోబెట్టి, మెడ చుట్టూ గుడ్డ కట్టి, అక్కడి అమ్మాయి గిన్నెలో రంగు కలపడం మొదలుపెట్టింది. ఘాటైన వాసన ముక్కులోంచి వెళ్ళి కళ్ళ వెనక గుచ్చుకుంది. అమ్మోనియా. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. తలుపు ఎటుందో చూసుకుని, దగ్గరకు వెళ్ళి, అది లోపలి నుంచి తెరుచుకుంటుందో లేదో పిడి తిప్పి చూశాను. తెరుచుకుంది. "మండుతోందా ఆంటీ?" అంది ఆ అమ్మాయి. "ఇంకా రాయనేలేదు కదమ్మా" అని నవ్వేసి వచ్చి కూర్చున్నాను గాని, రంగు వేసినంతసేపూ నా చూపు తలుపు మీదే ఉంది. ఈ భయం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. చిన్నప్పుడు నేను చీకటికీ, పాముకీ కూడా భయపడేదాన్ని కాదట. భయపడటం నాకు ఒక మనిషి నేర్పాడు. ఆయన పేరు నూకరాజు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అనకాపల్లిలో ఒక కోల్డ్ స్టోరేజీలో పనికి చేరాను. ఊళ్ళో బెల్లం వర్తకులు ధర వచ్చేదాకా బెల్లం దిమ్మల్ని అక్కడ దాచుకునేవారు. చింతపండు, మిరపకాయలు కూడా ఉండేవి. హైవే పక్కన బయటికి మామూలు గిడ్డంగిలాగే కనబడేది. లోపల ఆరు గదులు. కిటికీలు ఉండవు. గోడలు మూరెడు మందం, తలుపులు పరుపంత మందం. బయట ఇనుప అడ్డగడియ, దానికో తాళం. తలుపుకి లోపలి వైపు పిడి ఒకప్పుడు ఉండేదట. నేను చేరేటప్పటికి దాని గుర్తుగా మేకుల రంధ్రాలే మిగిలాయి. పక్కనే ఉన్న మిషను గదిలోంచి అమ్మోనియా గొట్టాలు ఆరు గదుల్లోకీ వెళ్ళేవి. ఆ వాసన ఎంతో కొంత ఎప్పుడూ గాలిలో ఉండేది, చీరకు పట్టి ఇంటికీ వచ్చేది.

నాకు ఆ ఉద్యోగం చదువు చూసి ఇవ్వలేదు, భక్తి చూసి ఇచ్చారు. మా నాన్న మా చర్చిలో సంఘ పెద్ద. కోల్డ్ స్టోరేజీ యజమానిని అందరూ షావుకారు గారు అనేవారు, ఆయన నుదుటిన బొట్టు లేకుండా నేను ఏనాడూ చూడలేదు. నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి, "ఆదివారం చర్చికి వెళ్తావామ్మా?" అని అడిగారు. తప్పకుండా వెళ్తానన్నాను. "మంచిది. ఏ దేవుడైతేనేం, మనిషికి పాపభయం ఉండాలి. అది లేనివాణ్ణి నేను గుమ్మం ఎక్కనివ్వను" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన వెనక మిషను గది తలుపు దగ్గర ఒక సన్నటి పొడుగాటి మనిషి నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆయనే నూకరాజు గారు, మిషను ఆపరేటరు. యాభై ఏళ్ళు దాటాయి. ఊరి అమ్మవారు నూకాలమ్మ పేరు పెట్టుకుని, ఆ అమ్మవారినే కాదు, ఏ దేవుణ్ణీ నమ్మని మనిషి. అమ్మోనియా మిషను తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ లేరు కాబట్టి ఆయనొక్కరికే షావుకారు గారి షరతు నుంచి మినహాయింపు అని తర్వాత తెలిసింది.

నా పని గదుల రిజిస్టరు రాయడం. ఏ గది ఎన్ని గంటలకు తెరిచారు, లోపలికి ఎవరెవరు వెళ్ళారు, ఎప్పుడు మూశారు, లోపల చల్లదనం ఎంత. మొదటి రోజు నూకరాజు గారు నన్ను మూడో గది ముందు నిలబెట్టి అడిగారు.

"నీకు భయమేత్తాదా అమ్మా?"

"లేదండి. దేవుడు తోడుంటాడు" అన్నాను, కొంచెం గర్వంగానే.

"అయితే ఈ పనికి పనికిరావు." ఆయన నవ్వకుండానే అన్నారు. "లోపలికెల్లు. నాను తలుపేత్తాను. నూరు లెక్కెట్టి తీత్తాను. ఇట్టం లేకపోతే ఇప్పుడే సెప్పు, మానేద్దాం."

పౌరుషానికి పోయి వెళ్ళాను. తలుపు మూసుకోగానే చీకటి మీదపడింది. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. బెల్లం వాసన, చింతపండు వాసన, గొంతులో గ్యాసు మంట. ఎక్కడో నీటిచుక్క పడుతోంది. ఇరవై దాకా లెక్కపెట్టాను. తర్వాత ప్రార్థన మొదలుపెట్టాను. తర్వాత ప్రార్థన మధ్యలో అంకెలు వచ్చాయి, అంకెల మధ్యలో ప్రార్థన వచ్చింది. ఈ మనిషి తలుపు తీయడం మరిచిపోతే? ఈయనకే ఏదైనా అయితే? నేనిక్కడ ఉన్నానని ఇంకెవరికి తెలుసు? ఆ ఆలోచన రాగానే రెండు చేతులతో తలుపు బాది, గొంతు చిరిగేలా అరిచాను. ఎప్పటికో తలుపు తెరుచుకుంది. ఎండలో ఆయన ముఖం కనబడింది.

"అరిసేవా?" అన్నారు.

"అరిచేనండి. చాలా గట్టిగా అరిచేను."

"నాను తలుపుకి సెవెట్టే నిలబడ్డాను. ఏటీ ఇనపళ్ళేదు. అది నీకు తెలవాలనే పంపేను."

ఇంటికి వెళ్ళి దుప్పటి కప్పుకుని పడుకున్నా ఆ రోజు నా ఒళ్ళు వెచ్చబడలేదు. మర్నాడు పనికి వెళ్ళకూడదనే అనుకున్నాను. వెళ్ళాను, అది నాకే ఆశ్చర్యం.

ప్రతి గది తలుపు పక్కన గోడకి వరసగా కొక్కేలు ఉండేవి. బస్తాలు మోసే కళాసీలు ఒక్కొక్కరికీ ఒక రేకు బిళ్ళ, దాని మీద నెంబరు. లోపలికి వెళ్ళేటప్పుడు బిళ్ళ కొక్కేనికి తగిలించాలి, బయటికి వచ్చాక తీసుకుని మొలతాడుకు కట్టుకోవాలి. కొక్కేలన్నీ ఖాళీ అయితే గది ఖాళీ అన్నమాట. ఈ ఏర్పాటు నూకరాజు గారిదే. తమాషా ఏమిటంటే, తాను పెట్టిన ఆ ఏర్పాటును ఆయనే నమ్మేవారు కాదు. కొక్కేలు ఖాళీగా ఉన్నా టార్చి పట్టుకుని లోపలికి వెళ్ళి, గది మధ్యలో నిలబడి, "లోపలెవరున్నారు?" అని పిలిచేవారు. ఆగేవారు. రెండోసారి పిలిచి, ఆగి, చివరి వరస దాకా నడిచి మూడోసారి పిలిచి, మళ్ళీ ఆగేవారు. అప్పుడు వచ్చి గడియ వేసేవారు. రోజుకి ఆరు గదులు, పద్దెనిమిది పిలుపులు. కళాసీల్లో సోములు అనే కుర్రాడు హాస్యగాడు. కొత్తగా పెళ్ళయింది, ఒళ్ళంతా హుషారే. "మావకి గుళ్ళో దేవుడొద్దు గాని గదిలో దెయ్యం కావాల. రోజూ పిలుత్తాడు, అది పలకదు" అని అందరినీ నవ్వించేవాడు. నూకరాజు గారు కూడా నవ్వేవారు, పిలవడం మాత్రం మానేవారు కాదు.

ఒకరోజు నేనే అడిగాను. "ఎప్పుడైనా ఎవరైనా లోపల ఉండిపోయేరా అండీ?"

"లేదు."

"మరెందుకండీ ఇంత భయం?"

"ఉండిపోయినాక భయపడితే ఎవుడికమ్మా లాభం?" అన్నారు.

దేవుడి సంగతి కూడా అడిగాను. మా నాన్నతో చెప్పి ఆయన కోసం ప్రార్థన చేయించాలని నాకు గట్టిగా ఉండేది. ఆయన వాదించలేదు. "నాకు కోపమేటీ లేదమ్మా. సిన్నప్పుడు మాయమ్మ గుళ్ళన్నీ తిప్పింది. సానాసార్లు పిలిసేను. ఎవరూ పలకలేదు. ఊరుకున్నాను" అన్నారు. అంతకన్నా పెద్ద కథ ఏమీ లేదు. ఏదో పెద్ద కష్టం వచ్చి దేవుడి మీద అలిగి ఉంటారని ఊహించుకున్న నాకు కొంచెం నిరాశగా అనిపించింది. ఆయన కోసం జాలిపడ్డాను. ఆ జాలిలో ఎంత పొగరుందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నేను చేరిన రెండో ఏడు, శివరాత్రి వెళ్ళాక, ఐదో గదిలో బెల్లం దిమ్మలు కొన్ని తగ్గాయని గొడవ వచ్చింది. షావుకారు గారు అందరినీ ఆఫీసు గదిలోకి పిలిచారు. అమ్మవారి పటం ముందు పళ్ళెంలో కర్పూరం వెలిగించి, తీయలేదని చెప్పి అరచేత్తో దాన్ని ఆర్పమన్నారు. మా వైపు ఒట్టంటే అదే. కళాసీలు ఒక్కొక్కరే వచ్చి ఆర్పారు, మళ్ళీ వెలిగించడం, మళ్ళీ ఆర్పడం. నా కోసం షావుకారు గారు తన కండువాతో స్టూలు తుడిచి, నా సంచిలోని బైబిలు దాని మీద పెట్టమన్నారు. ఒట్టు పెట్టుకోకూడదని మా నాన్న చెప్పేవారు. అయినా ఆ గౌరవానికి పొంగిపోయి చెయ్యి వేశాను. చివరికి నూకరాజు గారి వంతు వచ్చింది. ఆయన పళ్ళెం దగ్గరకు రాలేదు.

"నిన్న అడిగితే తియ్యలేదని సెప్పేను కదా బాబూ. అది అబద్ధవైతే ఇయ్యాల కర్పూరం ఆర్పితే నిజవైపోద్దా?"

"నువ్వు తీయలేదని నాకు తెలుసయ్యా. అందరూ ఆర్పేరు. నువ్వొక్కడివీ ఆర్పకపోతే ఎలా?" అన్నారు షావుకారు గారు. నిజంగానే బతిమాలుతున్నారు.

"నాకు నమ్మకం లేనిదాని మీద సెయ్యేత్తే అది దొంగ ఒట్టు కాదేటి బాబూ? దొంగ ఒట్టు మీకెందుకు?"

కర్పూరం దానంతటదే కాలిపోయింది. షావుకారు గారి ముఖం ఎర్రబడింది. "పాపభయం లేనివాడి దగ్గర గదుల తాళాలు ఎలా ఉంచమంటావు? రేపటినుంచి తాళాలు కరుణ దగ్గర ఉంటాయి" అన్నారు. కరుణ నేనే. ఆ దిమ్మలు నాలుగు రోజుల తర్వాత రెండో గదిలో చింతపండు బస్తాల వెనక దొరికాయి, దించేటప్పుడు గది మారిపోయాయంతే. దిమ్మలు దొరికినా తాళాలు మాత్రం ఆయన దగ్గరకు వెనక్కి వెళ్ళలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు. తాళాల గుత్తి నడుముకు దోపుకుని తిరగడం నాకు బాగానే ఉంది. అప్పగించేటప్పుడు ఆయన ఒకటే చెప్పారు. "నానేటి సేత్తానో రోజూ సూసేవు కదా. అదే సెయ్యి. కొక్కేల్ని నమ్మకు."

మొదటి వారం ఆయన చేసినట్టే చేశాను. గది మధ్యలో నిలబడి మూడుసార్లు పిలిచాను. ఖాళీ చీకట్లో నా గొంతు నాకే వెర్రిగా వినబడేది. పైగా బయట సోములు నవ్వు. రెండో వారం గుమ్మంలో నిలబడి ఒకసారి పిలిచి వచ్చేసేదాన్ని. ఆ తర్వాత కొక్కేలు చూసి, "ప్రభువా, కాపాడు" అని మనసులో అనుకుని గడియ వేసేదాన్ని. అంటే నేను చేయాల్సిన పనిని దేవుడి మీద వేసేసి ఇంటికి వెళ్ళిపోయేదాన్ని. దానికి విశ్వాసం అని పేరు పెట్టుకున్నాను.

ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్యనాడు అనకాపల్లి అంతా నూకాలమ్మ జాతరే. ఆ రోజు మధ్యాహ్నం దాకా పనిచేసి, తర్వాత అందరూ వెళ్ళిపోతారు. మర్నాడు పండగ, ఆ పై రోజు ఆదివారం. మిషను చూసుకోవడానికి నూకరాజు గారు వస్తూ పోతూ ఉంటారు గాని గదుల తలుపులు సోమవారం దాకా ఎవరూ తీయరు. పని అయ్యాక కళాసీలు ఆఫీసు గదిలో అమ్మవారి పటానికి పూజ పెట్టుకున్నారు. ప్రసాదాలు నేను ముట్టను కాబట్టి గేటు వైపు అరుగు మీద కూర్చున్నాను. లోపల ఏం జరుగుతోందో చూడలేదు. గంట వినబడింది, కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వినబడింది. కాసేపటికి నవ్వులు, అరుపులు, ఆటోలు బయల్దేరిన చప్పుడు. లేచి గదులు మూయడానికి వెళ్ళాను. మూడో గది ముందు కొక్కేలన్నీ ఖాళీ. అసలు బిళ్ళలన్నీ ఆ సమయంలో ఎక్కడున్నాయంటే, ఆఫీసు గదిలో పళ్ళెంలో, పసుపూ కుంకుమా పెట్టించుకుని అమ్మవారి పటం ముందు ఉన్నాయి. తమ ప్రాణాలు కాపాడే బిళ్ళలని కళాసీలు వాటికీ పూజ చేసి, సోమవారం దాకా తల్లి దగ్గరే ఉండనీ అని అక్కడే వదిలి వెళ్ళారు. నాకది తెలియదు. తెలియదన్నది నిజం. పిలిస్తే తెలిసేదన్నదీ నిజం.

నేను పిలవలేదు. గడియ వేసి, తాళం వేసి, రిజిస్టరులో "గది ఖాళీ, మూయడమైనది" అని రాసి సంతకం పెట్టాను. మిగతా ఐదూ అంతే. మిషను గది ముందు నుంచి వెళ్తుంటే నూకరాజు గారు తల బయటపెట్టారు.

"పిలిసేవా అమ్మా?"

"పిలిచేనండి."

"మూడుసార్లూ?"

"మూడుసార్లూ" అన్నాను. నోరు తడబడలేదు. నెల కిందట బైబిలు మీద వేసిన చేత్తోనే తాళాలు సంచిలో వేసుకున్నాను.

గేటు బయట సోములు భార్య పైడమ్మ నిలబడి ఉంది. కొత్త చీర, తల దువ్వుకుని జడ వేసుకుంది గాని జడలో పువ్వు లేదు. "మా ఆయన ఇంకా రాలేదేటమ్మా? నన్నిక్కడికే వచ్చీమన్నాడు, పూలు నానే ఎట్టుకొత్తానన్నాడు" అంది. "అందరూ వెళ్ళిపోయేరు కదా. ఆటోలో ముందే జాతరకి వెళ్ళుంటాడు" అని చెప్పి నడిచాను. పదడుగులు వేశాను. ఎదురుగా హైవే మీద జాతర జనంతో ఆటోలు, ఎడ్లబళ్ళు. ఎండ మాడ్చేస్తోంది. అంత ఎండలో నా వీపు మీద చలి మొదలైంది. మొదటి రోజు ఆ గదిలో నన్ను పట్టుకున్న చలే అది. పెళ్ళాన్ని ఇక్కడికి రమ్మన్నవాడు ఆటో ఎక్కి ముందే ఎందుకు వెళ్తాడు? పూలు తెస్తానన్నవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? వెనక్కి తిరిగి గేటులోకి అడుగు పెట్టేసరికి నూకరాజు గారు ఎదురొస్తున్నారు. ఆ వయసు మనిషి పరుగెత్తడం అప్పుడే చూశాను.

"తాళాలియ్యి. నీ మీద నమ్మకం లేక కాదమ్మా. భయమేసింది" అన్నారు.

ముందు మొదటి గది తీశారు. పిలిచారు, ఆగారు. ఆ ఆగడం నేను భరించలేకపోయాను. "మూడోదండి, మూడోది తీయండి" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు, నన్ను వేసి మూసిన గది అదే కాబట్టి కాబోలు. ఆయన తీశారు. టార్చి వెలుగు చింతపండు బస్తాల మీద పడింది. "లోపలెవరున్నారు?" ఏమీ లేదు. "లోపలెవరున్నారు?" అప్పుడు, చివరి వరస వైపు నుంచి ఏదో గీకినట్టు చప్పుడు. మూడోసారి పిలవలేదు, పరుగెత్తాం. తలుపు ఎటుందో తెలియక చీకట్లో తడుముకుంటూ వ్యతిరేక దిక్కుకు వెళ్ళి, బస్తాల సందులో ఇరుక్కుని కూర్చుని ఉన్నాడు సోములు. చెమటతో తడిసిన ఒళ్ళు, నడుముకు లుంగీ ఒక్కటే. పళ్ళు టకటకలాడుతున్నాయి. అరిచి అరిచి గొంతు పోయింది. గుండెకు ఒక ఆకుపొట్లం హత్తుకుని ఉన్నాడు. పొద్దున్న మార్కెట్లో కొన్న మల్లెపూలు వాడిపోకుండా ఉంటాయని ఎవరికీ తెలియకుండా చల్లటి గదిలో దాచాడట. పూజ అయ్యాక పొట్లం కోసం ఒక్క నిమిషం లోపలికి వెళ్ళాడు. తగిలించడానికి బిళ్ళ అమ్మవారి దగ్గరుంది. అతను చివరి వరసలో ఉన్నప్పుడే నేను తలుపు వేశాను.

ఎండలో గోనెసంచుల మీద పడుకోబెట్టి పైడమ్మా నేనూ అతని పాదాలు రుద్దాం. ఆమె ఏడుస్తూ రుద్దింది. నాకు ఏడుపు రాలేదు, అంత భయం పట్టుకుంది. సోమవారం దాకా అనే మాట ఒక్కటే తలలో తిరుగుతోంది. నూకరాజు గారు కాస్త దూరంగా నేల మీద కూలబడ్డారు. తాళాల గుత్తిని ఇంకా గుప్పిట్లోంచి వదల్లేదు. వేడి టీ తాగాక సోములుకు మాట వచ్చింది. "మావా, నువ్వు పిలిత్తావని సూసేను. పిలుపు ఇనపడకపోయేసరికి సచ్చేననుకున్నాను" అన్నాడు. ఆ మాట ఆయనతో అన్నాడు. నా గుండెల్లో దిగింది.

సోములును ఆటోలో ఆసుపత్రికి పంపాక రిజిస్టరు తీసి, నేను రాసింది కొట్టేయబోయాను. నూకరాజు గారు నా చెయ్యి ఆపారు. "కొట్టీకు. అదలాగే ఉండనీ. జరిగింది కింద రాయి." రాస్తే ఉద్యోగం పోతుంది. మా నాన్నకు తెలుస్తుంది. చర్చిలో అందరికీ తెలుస్తుంది. సంఘ పెద్ద కూతురు, బైబిలు మీద ప్రమాణం చేసిన పిల్ల. ఆయన రాయమని రెండోసారి అనలేదు, అలాగే నిలబడ్డారు. "లోపల పిలవకుండా తలుపు వేశాను. పిలిచానని అబద్ధం చెప్పాను" అని రాశాను. ఆ రెండు వాక్యాల్లో నా చేతిరాత నాదిలా లేదు.

"నేను అబద్ధం చెప్పేనని మీకెలా తెలిసింది?" అని అడిగాను.

"మూడుసార్లు పిలిసి ఆగిన మనిసి అంత బేగి రాదు. మిషను కాడ కూకుని లెక్కెట్టుకున్నాను. తక్కువొచ్చింది. పిల్ల అబద్ధమాడదులే అని కాసేపు సర్దుకున్నాను గాని, భయం సర్దుకోలేదు."

అప్పుడు నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. "దేవుడి భయం లేని మీకు ఇంత భయం ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?" అన్నాను. ఆయన నూనె గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నారు.

"నాకు భయం లేదని ఎవరు సెప్పేరు? నీకు తప్పు జరిగితే అడగడానికి ఒకాయన ఉన్నాడు. సెమిత్తాడని నీకు ధైర్యం. నాకెవరున్నారమ్మా? ఆ గుంటడు లోపల పోతే నాను ఎవుర్ని అడగాలి? పోయినోడే సెమించాల. ఆడు పలకడు కదా."

షావుకారు గారు సోమవారం రిజిస్టరు చదివారు. నన్ను పిలిచి గోడ మీద పటం వైపు చూసి, మళ్ళీ రిజిస్టరు వైపు చూసి, తాళాల గుత్తి అడిగి తీసుకున్నారు. దాన్ని తానే స్వయంగా మిషను గదిలో మేకుకు తగిలించి వచ్చారు. ఆ తర్వాత ఎవరినీ కర్పూరం ఆర్పమనలేదు. నా ఉద్యోగం ఎందుకు ఉంచారో నాకు తెలియదు. నూకరాజు గారే ఉంచమన్నారని సోములు చెప్పాడు. "ఇప్పుడా పిల్లకి భయం తెలిసింది, ఇంకెవర్నెట్టినా మళ్ళీ మొదట్నుంచి నేర్పాల" అన్నారట. మా నాన్నకు నేనే చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను. "దేవుణ్ణి క్షమాపణ అడిగావా?" అన్నారు. అడిగానన్నాను. "ఆ కుర్రాణ్ణి?" అన్నారు. మర్నాడే వెళ్ళి అడిగాను. సోములు మంచం మీంచి లేచి కూర్చుని, "అయితే మావ పిలిత్తే ఇన్నాళ్ళకి దెయ్యం పలికిందన్నమాట" అని నవ్వాడు. పైడమ్మ నవ్వలేదు. ఆమె నన్ను క్షమించడానికి చాలా కాలం పట్టింది, పట్టడమే న్యాయం.

ఇంకో నాలుగేళ్ళు నేనక్కడ పనిచేశాను. సాయంత్రం గదులు మూసేటప్పుడు మేమిద్దరం వెళ్ళేవాళ్ళం. ఆయన మధ్యలో నిలబడి పిలిచేవారు, నేను చివరి వరసలో నిలబడి పిలిచేదాన్ని. ఆయన కోసం ప్రార్థన చేయించాలనే ఆలోచన మానుకున్నాను. నేను మాత్రం ఆయన కోసం ప్రార్థన చేసుకునేదాన్ని, అదీ ఆయనకు చెప్పలేదు. నాకు పెళ్ళయి పని మానేసిన మరుసటేడు ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన పోయారు. గ్యాసు పీల్చి పీల్చి వచ్చిందని అన్నారు. శారదా నది ఒడ్డుకు కళాసీలంతా వచ్చారు. మంత్రాలేవీ వద్దని ముందే చెప్పారట, అందుకని ఏం చేయాలో ఎవరికీ తెలియక అలా నిలబడ్డాం. నిప్పు పెట్టే ముందు సోములు ముందుకు వెళ్ళి, వంగి, "మావా" అని పిలిచాడు. ఆగాడు. అలా మూడుసార్లు పిలిచాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

నేను ఇప్పటికీ విశ్వాసినే. మా నాన్న పోయాక మా చర్చి తాళాలు నా దగ్గరే ఉంటున్నాయి. ఆదివారం ఆరాధన అయ్యి అందరూ వెళ్ళిపోయాక, ఫ్యాన్లు ఆపి, కిటికీలు వేసి, బల్లల మధ్య నిలబడి "లోపలెవరున్నారు?" అని పిలుస్తాను. ఆగుతాను. రెండోసారి పిలుస్తాను. వెనక వరస దాకా నడిచి మూడోసారి. మా పాస్టరు గారు కొత్తలో నవ్వేవారు, "ఇంకెవరుంటారమ్మా, దేవుడు తప్ప" అని. నేను పిలవడం మానలేదు. పిలిచి ఆగిన ఆ కాసేపూ నాకు ఇప్పటికీ వీపు మీద చలి పుడుతుంది. ఎవరైనా పలుకుతారేమోనని చెవులు రిక్కించి నిలబడతాను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎవరూ పలకలేదు. అప్పుడు బయటికి వచ్చి, తాళం వేసి, ఇంటికి నడుస్తాను.